వాన నీళ్లు దాచుకున్న కొండలు

శుక్రవారం

కార్తీకమాసం వచ్చిందంటే విశాఖపట్నంలో సగం జనం కొండల మీదకు, తోటల్లోకి చేరిపోతారు. ఉసిరి చెట్టు నీడ దొరికితే చాలు, గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కించేస్తారు. ఆ సందడి ముదరకముందే ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించిన కొండలన్నీ వరసగా చూసి రావాలని నేనూ మా మామయ్యా బయలుదేరాం. మామయ్య నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడికి వెళ్లినా ముందు వాలు చూస్తారు. వాన పడితే నీరు ఏ పక్కకు జారుతుంది, ఎక్కడ నిలుస్తుంది అన్న లెక్క తేలితే గానీ ఆయన కాలు నిలవదు. స్తూపాల సంగతి నన్ను చూసుకోమని, నీళ్ల సంగతి తనకు వదిలెయ్యమని బస్సులోనే ఒప్పందం చేసుకున్నారు.

భీమిలి రోడ్డులో రుషికొండ దాటి మరికొంత ముందుకు వెళితే, మంగమారిపేట రాకముందే ఎడమ చేతి వైపు తొట్లకొండకు దారి చీలుతుంది. నగరం నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. పైదాకా తారు రోడ్డు ఉంది, బండ్లు వెళతాయి. మేము నడిచే ఎక్కాం. ఎత్తు ఎక్కువేమీ కాదు, సముద్ర మట్టానికి 128 మీటర్లు. కానీ ఒక్కో మలుపు తిరిగేసరికి వెనక సముద్రం ఇంకొంచెం పెద్దదవుతూ ఉంటుంది. అందువల్ల ఎక్కడం కంటే ఆగి చూడటానికే ఎక్కువ సమయం పట్టింది.

పైన అందరూ ముందుగా మహాస్తూపం దగ్గరికి పోతారు. మామయ్య తిన్నగా తొట్ల దగ్గరికి పోయారు. కొండ బండలోనే తొలిచిన గుంటలవి. కొన్నిటి అంచులు ఇంకా నిటారుగా ఉన్నాయి, కొన్ని ఒరిగిపోయాయి. అడుగున ఆకుపచ్చ నీళ్లు, వాటి మీద తూనీగలు. ఒక తొట్టి అంచున చెయ్యి పెట్టి చూస్తే రాయి గరుకుగా, చిన్న చిన్న ఎర్రటి పలుకులతో తగిలింది. తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైటు రాయి ఇది. ఎండకూ వానకూ త్వరగా మెత్తబడుతుంది. తొలిచేవాడికి సుఖం, కాపాడేవాడికి కష్టం. ఈ కొండ మీద స్తూపాలూ గదులూ కట్టింది కూడా ఎక్కువగా ఈ రాతితోనే.

మామయ్య ఒక పుల్ల తీసుకుని మట్టిలో లెక్క మొదలుపెట్టారు. విశాఖలో ఏడాదికి రమారమి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే చదరపు మీటరు బండ మీద వెయ్యి లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు బండ ఉంటే లక్ష లీటర్లు. ఆవిరయ్యేదీ పగుళ్లలోకి ఇంకేదీ సగం తీసేసినా యాభై వేలు మిగులుతాయి. మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున యాభై మందికి వంద రోజులు. "ఇంత బండ ఇక్కడ ఎన్ని చోట్ల ఉందో చూడు అమ్మాయీ. వీళ్లకు బావి ఎందుకు?" అన్నారు.

ఆ లెక్కకు ఇంకో సంగతి కూడా కలుస్తుంది. బౌద్ధ భిక్షువులకు వర్షావాసం అనే నియమం ఉంది. మిగతా కాలమంతా ఊళ్లు తిరిగినా వానాకాలం మూడు నెలలూ ఒకే చోట ఉండిపోవాలి. దారుల్లో బురద, పొలాల్లో మొలకలు, కాలి కింద పురుగులు. అప్పుడు తిరిగితే ప్రాణిహింస తప్పదని ఆ ఏర్పాటు. అంటే కొండ మీద మనుషులు ఎక్కువగా ఉండేది, తొట్లు నిండేది ఒకే కాలంలో. మిగిలిన నీళ్లు ఎండాకాలం దాకా పనికొస్తాయి. భిక్షువు తన వెంట ఉంచుకోదగిన ఎనిమిది వస్తువుల్లో మూడు చీవరాలు (కట్టుకునే, కప్పుకునే వస్త్రాలు), భిక్షాపాత్ర, మొలతాడు, మంగలికత్తి, సూదితో పాటు నీళ్లు వడగట్టుకునే గుడ్డ కూడా ఒకటి. నీళ్లలోని చిన్న పురుగులు కడుపులోకి పోకూడదు కదా! ఈ తూనీగల తొట్టి పక్కన కూర్చుని చూస్తే ఆ నియమం ఎవరికైనా చటుక్కున అర్థమవుతుంది.

ఈ కొండ బయటపడిన తీరు కూడా చిత్రమే. 1970ల్లో నౌకాదళం ఇక్కడ స్థావరం కోసం విమానం మీద నుంచి సర్వే చేస్తున్నప్పుడు శిథిలాల జాడ దొరికింది. 1988లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. మహాస్తూపం, చైత్యగృహాలు అనే ప్రార్థనా మందిరాలు, భిక్షువులు ఉండే విహారపు గదుల వరసలు, సభా మంటపం, వంటశాల బయటపడ్డాయి. బ్రాహ్మీ లిపి శాసనాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం ప్రాంతంలో మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా ఇక్కడ భిక్షువులు ఉన్నారన్నది పండితుల అంచనా.

కొండ కొమ్ము మీద అన్నీ వదులుకుని కూర్చున్నవాళ్ల దగ్గర రోమను వెండి ఎందుకుంది? సమాధానం కళ్ల ముందే ఉంది. ఇక్కడి నుంచి తీరం కొసలు రెండూ కనబడతాయి. వచ్చే ఓడ, పోయే ఓడ, ఏదీ దాగదు. సముద్రం మీద బతికే వర్తకులకు ఈ కొండ ఒక గుర్తు అయి ఉంటుంది. కొండకు వర్తకులు ఆసరా. మగధ రాజు బింబిసారుడు బుద్ధుడికి వేణువనం ఇచ్చేటప్పుడు ఊరికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గర కాకుండా ఉండే చోటు వెతికాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉంది. తొట్లకొండ ఆ కొలతకు సరిగ్గా సరిపోతుంది. పొద్దున దిగి భిక్ష తెచ్చుకుని మధ్యాహ్నం లోపల తినేసి ధ్యానానికి కూర్చోవచ్చు. అమెరికన్ పురావస్తు పరిశోధకుడు లార్స్ ఫోగెలిన్ ఈ కొండ చుట్టుపక్కల వాలులన్నీ నడిచి గాలించి, మనుషులు పేర్చిన రాతి గుట్టలు ఎన్నో గుర్తించాడు. ఇక్కడి భిక్షువులు లోకానికి పూర్తిగా దూరమైనవాళ్లు కారన్నది ఆయన వాదన. నాకది నచ్చింది. వీటిని అరణ్యాశ్రమాలని మనం అనుకుంటాం గానీ, ఈ అరణ్యం వాకిలి సముద్రం మీదకు తెరుచుకుని ఉంది.

మహాస్తూపం గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు కనిపించేది చాలావరకు మన కాలంలో పునరుద్ధరించినదే. 2019 అక్టోబరులో భారీ వర్షాలకు అందులో కొంత భాగం కూలిపోతే మళ్లీ కట్టారు. నున్నగా, కొత్తగా, ఫోటోలకు బాగుంది. నాకు మాత్రం దాని పక్కన మోకాలెత్తు మిగిలిన గదుల గోడలే ఎక్కువ చెప్పాయి. ఒక్కో గదిలో ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఇంకొకరు వస్తే కష్టం. గుమ్మాలన్నీ నడవా వైపే. పక్కింటివాడి ముఖం చూడకుండా రోజు గడవదు. ఒంటరితనమూ గుంపూ రెండూ ఒకే ప్లానులో కుదిర్చిన మేస్త్రీ ఎవరో గానీ గట్టివాడు.

చైత్యగృహం వెనక భాగం గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠాకారం అంటారు. ఏనుగును వెనక నుంచి చూసినట్టు ఉంటుందని మామయ్యకు చెప్పాను. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మూల లేకపోతే నీరు కొట్టదు" అని తేల్చేశారు. శిల్పశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు.

శనివారం

బావికొండ తొట్లకొండకు పొరుగే, కానీ అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ. బీచ్ రోడ్డు వదిలి లోపలికి తిరగాలి. ఆటో డ్రైవరు పేరు విని "అక్కడ ఏముందమ్మా, ఇటుకలే కదా!" అన్నాడు. నిజమే, ఇటుకలే. ఆ ఇటుకల కోసమే వెళ్లాం.

సముద్ర మట్టానికి 130 మీటర్ల ఎత్తున, మూడు పక్కలా కొండలు కమ్ముకుని ఉన్న ఈ చోట 1980ల్లో తవ్వకాలు జరిగాయి. వాన నీటికి బావుల్లాంటి గుంతలు ఇక్కడా ఉన్నాయి. పక్కకొండ మీద రాతి కట్టడాలు చూసి వచ్చిన కంటికి ఇక్కడి ఇటుక వెచ్చగా అనిపిస్తుంది. ఒక ఇటుక పక్కన నా జానె పెట్టి కొలిచాను. పొడవు రెండు జానెలకు దగ్గరగా వచ్చింది. ఇప్పటి ఇటుక దాని పక్కన పెడితే పిల్ల. ఇంత పెద్ద ఇటుక నడిమధ్య దాకా కాలాలంటే ఆవం ఎన్ని రోజులు మండాలి, అంత కట్టె ఎక్కడిది, మట్టి ఎక్కడిది? మామయ్య చుట్టూ ఉన్న కొండలకేసి చెయ్యి తిప్పి, "కట్టె ఇక్కడిదే. అందుకే ఇప్పుడు చెట్లు లేవు" అన్నారు. ఆయన హాస్యానికే అన్నారు గానీ నాకు ఆ మాట సాయంత్రం దాకా తొలుస్తూనే ఉంది.

ఇక్కడి మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం దగ్గర ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచే పాత్రలు దొరికాయి. ఒక కుండలో బూడిదతో పాటు చిన్న ఎముక ముక్క కూడా ఉంది. అది బుద్ధుడిదేనని నమ్మేవాళ్లున్నారు. నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి ఆలోచించాలి. మన ఊళ్లలో శవాన్ని కాల్చి వచ్చినవాళ్లు స్నానం చేయనిదే గుమ్మం ఎక్కరు. అస్థికలను గంగలోనో గోదావరిలోనో కలిపేదాకా ఇంట్లో ఉంచరు, చెట్టుకు కడతారు. అలాంటి నేల మీద, ఒక మనిషి ఎముకను నడిబొడ్డున పెట్టి, దాని చుట్టూ ఊరంత కట్టడం లేపి, దానికే ప్రదక్షిణం చేశారు. ఆ రోజుల్లో ఇది ఎంత సాహసమో!

మధ్యాహ్నానికి భీమిలి దారి పట్టాం. ఎర్రమట్టి దిబ్బలు దాటాక ఒకావిడ రోడ్డు పక్కన తంపట వేసిన తేగలు అమ్ముతుంటే ఆగాం. తేగ ఒలిచి, మధ్యలో చందమామ తీసి పారెయ్యకుండా దాన్నే ముందు తినే మనుషులం మేమిద్దరం. ఈ సంగతి యాత్రకు సంబంధం లేదు గానీ రాయకపోతే మామయ్య ఊరుకోరు.

పావురాళ్లకొండను భీమిలిలో ఎక్కువమంది నరసింహస్వామి కొండగానే ఎరుగుదురు. స్వామి గుడి మెట్ల మీదుగా కొంత ఎక్కి అక్కడి నుంచి పైకి దారి పట్టాలి. తొట్లకొండ మీద ఉన్న చక్కటి బాటలు, కంచెలు ఇక్కడ లేవు. ముళ్ల కంపలు, వదులు రాళ్లు, మధ్యలో పునాదుల గీతలు. మూడు కొండల్లో నాకు నచ్చింది ఇదే. ఇక్కడ ఎవరూ ఏమీ సర్దలేదు. ఏది గోడో ఏది బండో మన కళ్లే పోల్చుకోవాలి. రాతిలో తొలిచిన తొట్లు ఇక్కడ పదహారు ఉన్నాయని చెబుతారు. మామయ్య లెక్కపెట్టే పనిలో పడ్డారు. సీతాఫలం పొదల్లో రెండింటి దాకా చూసి, పాములుంటాయని నేను గోల పెడితే వెనక్కి వచ్చారు.

కొండ మీద నుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది. నది నోరు, దాని పక్కన ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు సరుకు దింపుకోవడానికి ఈ నది నోటినే ఎంచుకున్నారు. కింద వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే ఇది మునిసిపాలిటీ అయింది. డచ్చివాళ్ల కంటే పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా ముందే ఈ రేవు విలువ కనిపెట్టి, దాని నెత్తిన కూర్చున్నవాళ్లు ఈ భిక్షువులు. కాకపోతే వాళ్లు సుంకం వసూలు చేయలేదు, దానం పుచ్చుకున్నారు. రెండింటికీ తేడా పెద్దదేనా అని దిగేటప్పుడు మామయ్యకూ నాకూ వాదన. దానం ఇష్టం మీద ఇచ్చేదని నేనన్నాను. ఓడ క్షేమంగా తిరిగి రావాలని భయపడేవాడికి ఇష్టం ఎంత, భయం ఎంత అని ఆయన అడిగారు.

ఆదివారం

అనకాపల్లికి పొద్దున్నే రైలెక్కాం. స్టేషన్ బయట ఇడ్లీ తింటుంటే గాలిలో బెల్లం వాసన. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది వేరే జిల్లా. అయినా బొజ్జన్నకొండను విశాఖ ఖాతాలో వేసుకునే అలవాటు మాకు పోలేదు. ఊరి నుంచి ఆ కొండ ఉన్న శంకరం గ్రామం మూడు కిలోమీటర్లుంటుంది. చెరకు తోటలు, కోతకొచ్చిన వరి, వాటి మధ్యలో నల్లగా పైకి లేచిన చిన్న గుట్టలు రెండు. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ.

అప్పటికే కింద చెట్ల నీడన వనభోజనాల జట్లు దిగిపోయి ఉన్నాయి. ఒక జట్టులో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఇంకో జట్టులో గుత్తివంకాయ కూర గురించి పెద్ద చర్చ. ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "గుహలు చూసి రండి, ఎండ ముదిరాక మెట్లు కాలతాయి. వచ్చి తినిపోదురు గాని" అంది. ముఖం ఎరుగని వాళ్లను కూడా భోజనానికి పిలవడం ఈ వైపు మనుషులకు మామూలే.

మెట్లెక్కగానే పెద్ద గుహ. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెడితే చల్లదనం, గబ్బిలాల కంపు ఒకేసారి తాకుతాయి. పదహారు స్తంభాలు వరసలుగా నిలబడి ఉన్నాయి. కొన్ని విరిగి, పైకప్పు నుంచి వేలాడే మొండేలుగా మిగిలాయి. నడిమధ్య స్తూపం. దాన్ని తెచ్చి పెట్టలేదు, పేర్చలేదు. గుహ తొలుస్తూ అక్కడ మాత్రం రాయిని వదిలేశారు. స్తంభాలూ అంతే. ఇక్కడ కట్టింది ఏదీ లేదు, మిగిల్చినదే ఉంది.

ఫోను దీపం గోడకు ఏటవాలుగా పట్టుకుంటే ఉలి గాట్లు బయటపడ్డాయి. అన్నీ ఒకే వాటంగా, కుడి పై నుంచి ఎడమ కిందకు, వేలెడేసి దూరంలో. ఒక చోట మాత్రం గాట్లు తిరగబడి ఎడమ నుంచి కుడికి దిగాయి. అక్కడ గోడ మూల తిరుగుతుంది. కుడి చేతివాటం మనిషి మూలలో ఇమడక అటు తిరిగి కూర్చుని కొట్టాడా, లేక ఎడమ చేతివాటం మనిషి ఇంకొకడు ఎదురుగా వచ్చాడా? మామయ్య ఆ మూలలో గొంతుకూర్చుని, చేతిలో లేని సుత్తితో రెండు మూడు దెబ్బలు కొట్టి చూశారు. "ఎడమచేతివాడే" అని తీర్పు చెప్పారు. మోకాళ్లు పట్టేసి లేవడానికి నా చెయ్యి కావలసివచ్చింది.

పై అంతస్తులో ఇంకో గుహ. అక్కడ కూర్చున్న బుద్ధుడి రూపం ఉంది. శుక్రవారం చూసిన కొండకూ దీనికీ ఉన్న దూరం ఇక్కడ తెలిసింది. తొట్లకొండ బౌద్ధంలో పాత శాఖ అయిన హీనయానం వాళ్లది. అక్కడ బుద్ధుడు స్తూపమే, పాదముద్రే, ధర్మచక్రమే. మనిషి రూపం లేదు. శంకరం ఎక్కువగా క్రీస్తు శకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా వెలిగిన చోటు. అప్పటికి బుద్ధుడికి ముఖం వచ్చింది, కనుబొమలు వచ్చాయి, పీఠం వచ్చింది. బౌద్ధంలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన హీనయాన, మహాయాన, వజ్రయాన దశలు మూడింటి జాడలూ ఈ గుట్ట మీద ఉన్నాయంటారు. ముఖం రావడం మంచికో చెడుకో నాకు చెప్పడం కష్టం. ఉత్త స్తూపం ముందు నేను మాట్లాడకుండా నిలబడ్డాను. విగ్రహం ముందుకు రాగానే చెయ్యి దానంతట అదే నమస్కారానికి లేచింది.

గుట్ట మీద ఇటుక మహాస్తూపం, దాని చుట్టూ చిన్న స్తూపాలు. ఇక్కడ మామయ్యకు పండగ. స్తూపం అడుగు భాగం కొండ రాయి, పైన ఇటుక. రాయి బాగున్నంత మేర చెక్కారు, రాయి చాలని చోట, పగిలిన చోట ఇటుకతో పూడ్చి ఆకారం పూర్తి చేశారు. పైన గార పూస్తే ఎక్కడ రాయో ఎక్కడ ఇటుకో చూసేవాడికి అవసరం లేదు. "మా కాలవ గట్లకు కూడా ఇదే చేసేవాళ్లం. ఉన్నదాన్ని వాడుకుని లేనిచోట కట్టేవాళ్లం" అని ఆయన ఆ అతుకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. గుప్తుల శిల్పం గురించి ఎవరైనా ఇంత ప్రేమగా మాట్లాడగా నేను వినలేదు.

గుప్తులంటే గుర్తొచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికింది. దానితో పాటు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు, మట్టి ముద్రలు కూడా. దక్షిణానికి దండెత్తి వచ్చిన సముద్రగుప్తుడి నాణెం ఇంత చిన్న గుట్ట మీదకు ఏ చేతులు మారి వచ్చిందో! సైనికుడు మొక్కుకున్నాడో, వర్తకుడు ముడుపు కట్టాడో. ఊహించుకుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

లింగాలకొండ పేరుకు తగ్గట్టే ఉంది. కొండ వీపు పొడవునా ఏకశిలా స్తూపాలు, వరస మీద వరస, చిన్నా పెద్దా. కొన్ని నడుము దాకా రాతిలోనే ఉండిపోయాయి. కొన్నిటికి తల మాత్రమే గుండ్రంగా చెక్కారు. పై నుంచి కిందకు చెక్కుకుంటూ రావడం వల్ల పని ఎక్కడ ఆగిందో అక్కడే మెడ ఆగిపోయింది. మాతో పాటు ఎక్కిన ఒక కుర్రాడు, ఎనిమిదో తరగతి ఉంటుంది, "తాతగారూ, ఇవి శివలింగాలే కదా? మరి పూజ ఎందుకు చేయరు?" అని అడిగాడు. మామయ్య నా వైపు చూశారు. నేను స్తూపం గురించి, ధాతువుల గురించి, మొక్కుబడి స్తూపాల గురించి నాకు తెలిసినంత చెప్పాను. కుర్రాడు అంతా విని, "అయితే ఇవి సమాధులు" అని ఒక్క మాటలో సర్దేసుకుని పరిగెత్తాడు. అంత తప్పేమీ కాదు.

కిందకు దిగాక పొద్దున పిలిచిన పెద్దావిడ మాట నిలబెట్టుకుంది. పులిహోర, గుత్తివంకాయ, ఉల్లావకాయతో పెరుగన్నం. తింటూ ఉండగా ఆవిడ కనుమ తీర్థం గురించి చెప్పింది. సంక్రాంతి మర్నాడు ఈ గుట్ట దగ్గర పెద్ద తీర్థం జరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. ఒకప్పుడు ఆ రోజున వచ్చినవాళ్లు ఇక్కడి బొజ్జ ఉన్న విగ్రహాన్ని రాక్షసుడిగా తలచి రాళ్లు విసిరేవారు. అదొక ఆచారం. "మా చిన్నప్పుడు నేనూ విసిరాను. ఎందుకని ఎవరినీ అడగలేదు" అంది ఆవిడ, సిగ్గుపడకుండా. వారసత్వ సంపద కోసం పనిచేసేవాళ్లు, అధికారులు ఊరివాళ్లకు నచ్చజెప్పి ఆ రాళ్లు ఆపించారు. తీర్థం మాత్రం ఆగలేదు, ఆగకూడదు కూడా. అదే కొండ పాదాన హారీతి విగ్రహం ఉంది. పిల్లలను కాపాడే బౌద్ధ దేవత. ఊరివాళ్లు ఆమెను తమ అమ్మవారిగానే కొలుస్తారు, పసుపూ కుంకుమా పెడతారు. ఒకే కొండ మీద ఒకరికి రాళ్లు, ఇంకొకరికి పసుపు. మతాలు మారడం అంటే రాజులు, వాదాలు, శాసనాలు అనుకుంటాం. ఊళ్లో అది ఇలా జరుగుతుంది, ఎవరూ ఎందుకని అడగకుండా.

తొట్ల సంగతి ఏమైందని మామయ్యను అడిగాను. ఆయన కిందున్న వరిచేలు చూపించారు. శారదా నది పారించే పల్లపు నేల ఇది. నీళ్ల కోసం కొండను తొలవాల్సిన బెంగ ఇక్కడ తీరప్రాంతం కొండల మీద ఉన్నంత లేదు. "నీళ్ల కోసం తవ్వే ఓపిక మిగిలింది కాబట్టి బొమ్మలు చెక్కారు" అన్నారు. చరిత్రకారులు వింటే కొడతారు గానీ, కడుపు నిండా తిన్న పూట నాకూ అది సబబుగానే తోచింది.

సోమవారం

ఎలమంచిలి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రాంబిల్లి మండలంలో కొత్తూరు దగ్గర ధనదిబ్బలు అని ఉన్నాయి. ఇటుక స్తూపం శిథిలాలు అవి. పేరులోనే ధనం పెట్టుకున్న దిబ్బను జనం తవ్వకుండా ఎలా వదులుతారు? ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పాండవుల గుహలు కూడా ఆ చుట్టుపక్కలవే. మన దేశంలో ఎవరు చెక్కారో మరిచిపోయిన గుహలన్నిటినీ పాండవుల ఖాతాలో వేస్తారు. పాపం, వనవాసంలో వాళ్లు నిద్రపోయింది ఎప్పుడో! పొలాల మధ్య ఎండలో ఇటుకల చుట్టూ ఒకసారి తిరిగాం. బొజ్జన్నకొండ చూసి వచ్చిన మర్నాడు ఇది చూడటం దానికి అన్యాయం చేసినట్టే. చూడదలచినవాళ్లు దీన్ని ముందు చూసుకోవడం మేలు.

దగ్గర్లోనే పంచదార్ల. ధర్మలింగేశ్వరస్వామి గుడి, ఎలమంచిలి చాళుక్యుల కాలం నాటి శాసనాల స్తంభాలు ఉన్నాయి. మామయ్యకు శాసనాలతో పని లేదు. కొండ నుంచి ఏడాది పొడవునా దిగే ధారల దగ్గర చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి నిలబడిపోయారు. ఎండాకాలంలో కూడా ఇవి ఆగవని పూజారిగారు చెప్పారు.

"తొట్టి అక్కర్లేదు, బావి అక్కర్లేదు. మీ భిక్షువులు ఇక్కడికి రాకుండా ఆ బోడి కొండలెక్కి బండలు ఎందుకు తొలిచారంటావు?" అని అడిగారు.

"ఇక్కడి నుంచి ఓడలు కనబడవు కదా మామయ్యా."

ఆయన సీసా నింపుకుంటూ కాసేపు ఆలోచించారు. శ్రీకాకుళం జిల్లాలోని ఇంకో బౌద్ధ క్షేత్రం సాలిహుండం సంగతి అడిగారు. అది వంశధార ఒడ్డున కొండ మీద ఉందని, కింద నది, కొంచెం దూరంలో సముద్రం అని చెప్పాను. అంటే నీళ్లూ ఉన్నాయి, ఓడలూ ఉన్నాయి, అక్కడ తొట్లు ఉండకూడదు, ఉంటే తన లెక్క తప్పు అన్నారు. తిరుగు బస్సు అనకాపల్లి దాటేలోపే ఫోనులో ఆమదాలవలసకు పొద్దున రైలు ఎన్నింటికో వెతికించి, టికెట్లు తీయించారు.